లచ్చమ్మ గొంతు, రెండు కెమెరాలు

మా అత్త లచ్చమ్మ గొంతు ఎంత పెద్దదో ఊరికే చెప్తే నమ్మరు. అందుకని నేను కాపురానికి వచ్చిన కొత్తలో జరిగింది చెప్తాను. నాది కోదాడ. మా పుట్టింట్లో పక్క గదిలో ఉన్నవాళ్లను పిలవాలన్నా లేచి వెళ్లి పిలిచే అలవాటు. అత్తగారి ఊరు మిర్యాలగూడ అవతల, వేములపల్లి దగ్గర. ఒకరోజు పొద్దున వంట చేస్తుంటే బయట ఎవరో ఎవరినో చంపుతున్నట్టు కేక వినిపించింది. చేతిలో గిన్నె వదిలేసి పరుగెత్తాను. తీరా చూస్తే మా అత్త గొర్రెల దొడ్డి ముందు నిలబడి, చేనుకు అవతల పోతున్న మనిషిని ‘తిన్నవా’ అని అడుగుతోంది. అంతే. ఆయన తిన్నానని చెయ్యి ఊపి వెళ్లిపోయాడు. నా గుండె మాత్రం మధ్యాహ్నం దాకా కుదుటపడలేదు.

ఆ గొంతుకు తగ్గ పని కూడా ఉంది ఆమెకు. మాది గొర్రెలు కాచుకునే ఇల్లు. మావాళ్లలో అన్నదమ్ములు వేరుపడితే భూమి పంచడం తేలిక, మంద పంచడమే కష్టం. పొలాన్ని కొలిచి గట్టు వేయొచ్చు. గొర్రెల్లో చూడివి ఉంటాయి, ముసలివి ఉంటాయి, పైకి దుక్కలా ఉండి లోపల జబ్బున్నవీ ఉంటాయి. అందుకని ఇద్దరికీ నమ్మకమున్న మనిషి వచ్చి మందను రెండు పాళ్లు పెట్టాలి. ఆ తర్వాత అన్న ఒక రాయి, తమ్ముడు ఒక పుల్ల ఇస్తారు. మూడో మనిషి ఎవరైనా మందకు వీపు తిప్పి నిలబడి, ఏది ఎవరిదో తెలియకుండా, ఒకటి కుడివైపుకు, ఒకటి ఎడమవైపుకు వేస్తాడు. రాయి పడ్డ పాలు అన్నది, పుల్ల పడ్డది తమ్ముడిది. పాళ్లు పెట్టినవాళ్లు రాయినీ పుల్లనీ ముట్టుకోకూడదు. పడ్డాక మార్చమని ఎవరూ అడగకూడదు. చివరికి పాళ్లు పెట్టిన మనిషి ‘గీ పాలు ఫలానావాళ్లది’ అని ఊరంతా వినేటట్టు పిలుస్తారు. ఆ పిలుపుతో పంపకం ఖతం.

ఇది మగవాళ్ల పని. మా మామ ఈదయ్య చేసేవాడు. ఆయన పోయాక ఒక ఊళ్లో పంపకం తెగక, అన్నదమ్ములిద్దరూ కర్రలు పట్టుకునేదాకా వస్తే, పరామర్శకు వెళ్లిన మా అత్తే మందలోకి దిగి పాళ్లు పెట్టేసింది. ఆడమనిషి పెట్టడమేంటని గొణిగినవాళ్లు ఆ కేక విన్నాక నోరు మూసుకున్నారు. అప్పటినుంచి వేములపల్లి మొదలు హాలియా దాకా ఎక్కడ మంద చీలినా ఆమెనే పిలుస్తారు.

ఆమె కొడుకులిద్దరూ వేరుపడ్డప్పుడు కూడా ఆమే పాళ్లు పెట్టింది. నా భర్త నాగేందర్ చిన్నవాడు. తల్లి చచ్చిన పొట్టేలుపిల్లను సీసాతో పాలు పట్టి, పక్కలో పడుకోబెట్టుకుని పెంచాడట. ఆ పొట్టేలు మా బావగారి పాలులో పడింది. ఒక్కదాన్ని మార్చమని కాళ్లావేళ్లా పడ్డా ఆమె మార్చలేదు. ఆ కోపంతో నాగేందర్ కొన్నాళ్లకు గొర్రెలే వదిలేసి మిర్యాలగూడలో రైసుమిల్లు లారీ డ్రైవరుగా చేరాడు. ఇప్పటికీ కూరలో ఉప్పు తక్కువైనా ఆ పొట్టేలు సంగతే తీస్తాడు. కన్నకొడుకుకు కూడా మార్చలేదన్న పేరు మాత్రం ఆమెకు నిలిచిపోయింది. నాకైతే మొదట్లో ఈమె మనిషా, బండరాయా అనిపించేది.

పోయిన ఎండాకాలం ఆమె కొంగు మెడ చుట్టూ కప్పుకోవడం మొదలుపెట్టింది. అంత ఎండల్లో ఎందుకని అడిగితే ఉక్కపోతకు మంచిదంటుంది. ఎక్కడైనా విన్నామా? నేను సూర్యాపేటలో ఒక దవాఖానలో ఆపరేషన్ థియేటర్ నర్సును. వారానికోసారి ఊరికి వస్తాను. ఒకసారి వచ్చినప్పుడు చూస్తే ఆమె పడుకోవడం మానేసి గోడకు ఆనుకుని కునుకు తీస్తోంది. కొంగు లాగి చూశాను. గొంతు కింద నిమ్మకాయ కంటే పెద్ద గడ్డ.

“ఎన్నాళ్లనుంచి ఉందత్తయ్యా ఇది?”

“ముసలితనం బిడ్డా. కండ జారింది.”

“కండ కిందికి జారుతుందిగానీ ముందుకు పొడుచుకొస్తుందా?”

ఆ రోజు నేను అరిచిన అరుపుకు ఆమే నావంక వింతగా చూసింది. మరుసటి రోజే సూర్యాపేట తీసుకొచ్చాను. పరీక్షలన్నీ చేసి, అది థైరాయిడ్ గడ్డ, కాన్సర్ కాదు, కానీ ఊపిరి గొట్టాన్ని ఒక పక్కకు నెడుతోంది, తీసేయాలి అన్నారు సర్జన్ గారు. తొందరేమీ లేదు, అన్నీ చూసుకుని ఒక తేదీ పెట్టుకుని చేద్దామన్నారు.

“గొంతు ఉంటదా సారూ?” అని అడిగింది మా అత్త.

గొంతును ఆడించే నరాలు ఆ గడ్డ వెనకే ఉంటాయి, చాలా జాగ్రత్తగా చేస్తాం, మామూలుగా ఏమీ కాదు, కానీ ఒట్టు వేసి చెప్పలేనన్నారు ఆయన. ఉన్నమాట చెప్పినందుకు ఆయన మీద గౌరవం కలిగింది. మా అత్త మాత్రం కొంగు మళ్లీ మెడ చుట్టూ కప్పుకుంది. ఆమెకు ప్రాణం మీద భయం లేదు, గొంతు మీదే భయం. నాకు రెండింటి మీదా ఉంది.

ఇక్కడ మా మత్తు డాక్టర్ ప్రేమ్‌కుమార్ గారి సంగతి చెప్పాలి. పెద్ద ఆపరేషన్‌కు మత్తు ఇచ్చాక మనిషి సొంతంగా ఊపిరి తీసుకోలేడు. నోట్లోంచి ఊపిరి గొట్టంలోకి ఒక ట్యూబు వేసి, దాని ద్వారా మిషన్ ఊపిరి ఆడిస్తుంది. ఆ ట్యూబు మాట పలికించే గొంతు తీగల మధ్య సందులోంచే పోవాలి. పూర్వం నాలుకను ఒక ఇనుప బ్లేడుతో ఎత్తి, వంగి తొంగిచూసి వేసేవాళ్లు. ఇప్పుడు ఆ బ్లేడు చివరే కెమెరా ఉంటుంది. లోపలంతా స్క్రీన్ మీద కనబడుతుంది. వీడియో లారింగోస్కోప్ అంటారు. మేం కెమెరా అనేస్తాం.

మా దగ్గర రెండు రకాలున్నాయి. ఒకదాని పక్కన ట్యూబు కూర్చునే గాడి ఉంటుంది. స్క్రీన్ మీద దారి కనబడగానే ట్యూబును నెడితే ఆ గాడి వెంట జారుకుంటూ పోతుంది. రెండోదానికి గాడి లేదు. ట్యూబులో వంచిన ఇనుప తీగ పెట్టి, స్క్రీన్ చూస్తూ డాక్టరే చేత్తో తిప్పుకుంటూ దారి పట్టించాలి. దేనితో మొదటిసారికే ట్యూబు పోతోంది, దేనితో పేషెంటుకు గొంతు తక్కువ నొస్తోంది, తక్కువ బొంగురుపోతోంది అని ప్రేమ్‌కుమార్ సారు పోల్చి చూస్తున్నారు. ప్రాణం మీదికి వచ్చిన కేసుల్లో కాదు, ముందే తేదీ పెట్టుకున్న ఆపరేషన్లలో, అదీ ఒప్పుకున్నవాళ్లకే.

నా మటుకు నాకు ఎప్పుడో తేలిపోయింది. గాడి ఉన్నదే మేలు. రోజూ పక్కన నిలబడి చూస్తున్నదాన్ని నాకు తెలియదా? అందుకే అత్తను వార్డులో చేర్చిన రోజే వరండాలో సారును పట్టుకున్నాను. “సార్, మా అత్తను ఇందులో కలపొద్దు. గాడి ఉన్నదాంతోనే ట్యూబు వేయండి” అన్నాను.

“ఆమెను అడగకుండ నువ్వెట్ల చెప్తవు ఉమా?” అని సారు చల్లగా వెళ్లిపోయారు. ఆయనకు కోపం రాదు. అదే నాకు కోపం.

సాయంత్రం ఆయన వచ్చి మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుని అత్తకు అంతా విడమరచి చెప్పారు. ఆయనదీ సూర్యాపేటే. వార్డులో ఆయన మాట వింటే ఇంటి పక్కాయన మాట్లాడినట్టే ఉంటుంది.

“ఏది మంచిదో నీకు తెల్వదా సారూ?” అంది అత్త.

“తెల్వదమ్మా. రెండూ మంచియే. దేనితోని ఎక్కువ మంచిగైతదో అదే చూస్తున్నం.”

“ఎవలకు ఏది పెట్టాల్నో ఎవలు చెప్తరు?”

“ఎవలు చెప్పరు. మూసిన కవర్లు ముందుగాలనే చేసిపెట్టిండ్రు. మీరు బల్ల మీదికి వచ్చినంక వేరే మనిషి కవరు తెరుస్తడు. అందుల ఏదుంటే గదే.”

“నువ్వు మార్చవా?”

“మార్చను. దానితోని ట్యూబు పోకపోతే మాత్రం రెండోది తీసుకుంటం. మనిషి కంటె లెక్క ఎక్కువ కాదు గద. ఇష్టం లేకపోతే వద్దనుండ్రి, నాకు తోచినదానితోని చేస్త. చూసుకునే కాడ ఏం ఫరక్ ఉండదు.”

ఆయన లేచి వెళ్లాక పక్క మంచం ఉప్పలమ్మ అందుకుంది. ఆమెది హాలియా, పిత్తాశయంలో రాళ్లకు ఆపరేషన్ చేయించుకోవాలి, ఇంకా తేదీ రాలేదు. “వద్దని చెప్పు లచ్చమ్మా. పరీక్షలు చేసుకునేటందుకు మనమే దొరికినమా వీళ్లకు?”

ఎవరి నోటివెంట వస్తేనేం, మంచిమాటే అనుకుని నేనూ కలిశాను. “వద్దనండి అత్తయ్యా. గాడి ఉన్నదైతే ట్యూబు దానంతటదే జారిపోతుంది. తీగతో పొడిచే బాధ ఉండదు. మీ గొంతుకు అదే మంచిది. నేను రోజూ చూస్తున్నాగా.”

“నీకు ఎర్కనా, అనిపిస్తున్నదా?”

“తెలుసు నాకు.”

“మరి గా సారుకెందుకు తెల్వదు?”

నాకు ఒళ్లు మండింది. మీ పొట్టేళ్ల పంచాయతీ కాదిది, మీ మెడ మీద కత్తి పెట్టే సంగతి అన్నాను. వార్డంతా మావైపు తిరిగింది. అంతలో నాగేందర్ వచ్చాడు. విషయం విని నావైపే మాట్లాడాడు. “అమ్మా, ఇంటి మనిషి లోపల పనిచేస్తున్నది. మనకు మంచిది మనం అడుగుకుంటె తప్పేంది?”

ఆమె కొడుకు వైపు తిరిగింది. “ఊరందరి మందలకు రాయి పుల్ల వేయించిన. నా మెడకాడికి వచ్చేసరికి మంచిది ఏరుకోవాల్నా? ఎవలకు వాళ్లు ఏరుకుంటపోతె ఏది మంచిదో ఎన్నటికి తెలుస్తదిరా? రేపు ఒక్కడన్న నా పాళ్లు నమ్ముతడా?”

“ఎవరికి తెలుస్తుందత్తయ్యా ఇక్కడ మీకు ఏది పెట్టారో?” అన్నాను.

“నాకు తెలుస్తది” అంది.

  ఆమే సారును పిలిపించి, ఒక్కొక్క మాటా మళ్లీ చదివించుకుని వేలిముద్ర వేసింది. ఆ రోజు నేను ఆమెతో మాట్లాడలేదు. అన్నం మాత్రం కలిపి పెట్టాను.

ఆపరేషన్ రోజు నాకు డ్యూటీ వేయలేదు. ఇంటి మనిషి బల్ల మీద ఉంటే చేతులు ఆడవని సారు చెప్పారు. ఎంతో బతిమాలితే గోడ పక్కన నిలబడనిచ్చారు, నోరు తెరవకూడదన్న షరతు మీద. అత్త బల్ల మీద పడుకుని, సారు ముక్కుమీద మాస్కు పెట్టబోతుంటే చెయ్యి పట్టుకుని, “గొంతు జర పైలం సారూ” అంది. కేకలు వేసే మనిషి గొంతు జాగ్రత్త అని అంత మెల్లగా అడగడం నేను వినలేకపోయాను.

కవరు తెరిచారు. గాడి ఉన్నది!

నాకు ఎగిరి గంతేయాలనిపించింది. దేవుడున్నాడు, మా అత్త మంచితనం ఊరికే పోలేదు అనుకున్నాను. మత్తెక్కింది. సారు కెమెరా లోపలికి దింపారు. స్క్రీన్ మీద గొంతు తీగలు తెల్లగా, అద్దంలో చూసినట్టు కనబడ్డాయి. ఇంకేముంది, నెట్టడమే. సారు ట్యూబును నెట్టారు. అది గాడి వెంట జారి, తీగల మధ్యకు పోకుండా కుడి అంచుకు తగిలి ఆగింది. వెనక్కి లాగి, కెమెరాను కాస్త జరిపి మళ్లీ నెట్టారు. మళ్లీ అదే అంచు. గడ్డ ఊపిరి గొట్టాన్ని పక్కకు నెట్టింది కదా, దారి ఒకవైపు ఉంది, గాడి ఇంకోవైపుకు తీసుకుపోతోంది. కళ్ల ముందు తలుపు కనబడుతోంది, లోపలికి పోవడానికి లేదు.

సారు ట్యూబు తీసేసి, మాస్కు పెట్టి ఆక్సిజన్ ఇచ్చారు.  తర్వాత మరోసారి ప్రయత్నించారు. పోలేదు. ఆయన గొంతులో ఏ మార్పూ లేకుండా “రెండోది ఇవ్వండి” అన్నారు. నేను వద్దన్నది, తీగతో పొడుస్తారని తిట్టుకున్నది, అదే ఆయన చేతిలోకి వచ్చింది. స్క్రీన్ చూస్తూ, ట్యూబు కొసను కొంచెం ఎడమకు తిప్పారు. సందులోకి మెత్తగా దిగిపోయింది. మానిటర్ మీద ఊపిరి గీత లేచింది, పడింది, మళ్లీ లేచింది. 

అత్త వద్దని చెప్పి ఉంటే సారు నా మాట విని గాడి ఉన్నదే తీసుకునేవారేమో. అప్పుడూ ఇదే జరిగేది. నాకు తెలుసు తెలుసు అన్నదాంట్లో ఎంత తెలుసో ఆ రోజు తేలింది. పోనీ గాడి లేనిదే గొప్పదని అందామంటే, మరుసటి వారమే వేరే పేషెంటుకు దాంతో పోక, గాడి ఉన్నదాంతో చిటికెలో పోయింది. మనిషి మనిషికీ గొంతు వేరు. మరి పోల్చకుండా ఎలా తెలుస్తుంది?

గడ్డ బాగానే వచ్చేసింది. అత్త కళ్లు తెరిచి నన్ను చూసి ఏదో అనబోయింది. గాలి తప్ప శబ్దం రాలేదు. ఆమె కళ్లలో భయం అదే మొదటిసారి చూడటం. తర్వాత ముక్కులోంచి సన్నటి కెమెరా పెట్టి చూశారు. తీగలు రెండూ కదులుతున్నాయి, నరాలు దెబ్బతినలేదు, వాపుంది, గొంతు తిరిగి వస్తుంది కానీ ఎప్పటికి, ఎంత అన్నది ఇప్పుడే చెప్పలేం అన్నారు. వాపు ఆపరేషన్‌దో, ట్యూబు తగిలిందో అదీ చెప్పలేమన్నారు. ఒత్తి మాట్లాడకూడదు, అస్సలు అరవకూడదు. మా అత్తకు! నాగేందర్ ఆ మాట విని బయటికి వెళ్లి లారీ టైరును తన్ని వచ్చాడు.

ఇంటికి పంపే ముందు ప్రేమ్‌కుమార్ సారు వచ్చి జరిగిందంతా దాచకుండా చెప్పారు. ఆమె చేత్తో దగ్గరికి రమ్మని, గుసగుసగా అడిగింది. “నా సంగతి ఎట్ల రాసిండ్రు?”

“గాడి ఉన్నదానితోని పోలేదని రాసినం అమ్మా.”

“ఆఖరికి పోయింది గద, రెండోదాని దిక్కు మంచిగ రాయలేదా?”

“లేదు. మీకు కవరుల వచ్చింది గాడి ఉన్నది. ఎట్లయినా మీ లెక్క దాని కిందనే.”

“గట్లనే ఉండాలె. పడ్డ పాలు పడ్డదే” అని తృప్తిగా వెనక్కి వాలింది. సారు నవ్వారు. ఆయన నవ్వడం థియేటర్‌లో మేమెవరమూ ఎప్పుడూ చూడలేదు.

ఉప్పలమ్మ ఇదంతా వింటోంది. “నీకు సక్కగ పోనే పోలేదట. ఇంక నేనెందుకు కలుస్త?” అంది.

“కలిసేది కలవంది నీ ఇష్టం” అంది అత్త, ఒక్కో మాటకూ ఆగుతూ. “నాకు పోలేదు గనుకనే సారుకు ఒక సంగతి తెలిసింది.”

 మర్నాడు ఉప్పలమ్మ సారును పిలిచి నానా ప్రశ్నలూ వేసి వేలిముద్ర వేసిందని మా సిస్టర్లు చెప్పారు. ఆమెకు ఏది వచ్చిందో నేను అడగలేదు. అడగాలనిపించింది, ఆపుకున్నాను.

ఇంటికి వచ్చాక నెలలు గడిచినా అత్త గొంతు గుసగుస దాటలేదు. కొత్తవాళ్లతో మాట్లాడటం మానేసింది. గొర్రెలను కట్టెతో, ఈలతో తిప్పుకుంటోంది. పంపకాలకు పిలవడానికి వచ్చినవాళ్లకు అడ్డంగా తలూపి పంపేసేది. వాళ్లు వెళ్లాక దొడ్డి మూలన కూర్చునేది. నేను వారం వారం వచ్చి చూసి, ఆ కవరు మాటకు ఒప్పుకోకపోతే బాగుండేదని అననూ లేను, అనకుండా ఉండనూ లేను. ఒకసారి ఆమే అంది, “నాకేం రందిలేదు, దిగుల్లేదు పిల్లా. పోయిన గొంతు వస్తది. పోయిన మాట రాదు.” ఆ మాటకు నేను లోపలికి వెళ్లి కూర్చుని ఏడ్చాను. బండరాయి అనుకున్నానే, ఈమెను.

అంతలో హాలియా అవతలి ఊరినుంచి సోమన్న, ముత్తయ్య అని అన్నదమ్ములు వచ్చారు. పెద్ద మంద వాళ్లది. ఎవరినీ నమ్మని మనుషులు. “నీ గొంతుతోని మాకేం పని లచ్చమ్మక్కా? నీ కన్ను సాలు” అన్నాడు చిన్నవాడు ముత్తయ్య. అత్త నావైపు చూసింది. “నువ్వు గూడ రా” అంది.

“నేనెందుకు? నాకు గొర్రెకూ మేకకూ తేడా తెలియదంటారుగా.”

“గొంతున్నది గద.”

వెళ్లాం. ఊరి బయట బీడులో జనమంతా చేరారు. అత్త మందలోకి దిగింది. ఒక్కో గొర్రె పళ్లు చూసి, నడుము తడిమి, పొదుగు పట్టుకుని, ఇటొకటి అటొకటి తోలింది. అటు ఒక కుంటిది పడితే ఇటూ ఒకటి. ఇటు రెండు చూడివైతే అటూ రెండు. ఎండ నెత్తి మీదికి వచ్చేదాకా పట్టింది. మాట లేకుండా, చేతితోనే. ఊళ్లోవాళ్లు కళ్లప్పగించి చూశారు. సోమన్న రాయి ఇచ్చాడు, ముత్తయ్య పుల్ల ఇచ్చాడు. అటుగా పోతున్న వడ్రంగి ఒకతన్ని పిలిచి వీపు తిప్పి నిలబెట్టారు. అతను విసిరాడు. రాయి ఎడమకు పడింది.

సోమన్న మొహం మాడిపోయింది. కుడివైపు పాలులో అతనికి ఇష్టమైన గొర్రెలు ఉన్నాయని చూపే చెప్తోంది. “ఇది చెల్లదు” అన్నాడు. “గొంతు లేని మనిషి పెట్టిన పాళ్లు ఏం పాళ్లు? మల్ల వేయాలె.”

జనం గొణిగారు. అత్త అడ్డంగా తలూపింది.

“నువ్వు సెప్పొద్దు అక్కా” అన్నాడు సోమన్న. “నీదాకా వస్తె నువ్వు గిట్లనే పడ్డది పట్టుకపోతవా? నీ కోడలు దవాఖానల పనిచేస్తది. మంచి డాక్టర్ను, మంచి మిషన్ను ఏరుకోని కోయించుకోలేదా? మాకైతె రాయి పుల్ల, మీకైతె ఏరుకునుడా?”

నేనిక ఆగలేకపోయాను. షరతులు పెట్టడానికి అక్కడ ప్రేమ్‌కుమార్ సారు లేరు.

“ఏం తెలుసని మాట్లాడుతున్నావయ్యా నువ్వు?” అని లేచాను. “ఏరుకోమని నేనే చెప్పాను. కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. ఈమె కొడుకూ చెప్పాడు. వినలేదు. మీ గొర్రెలకు రాయి పుల్ల వేస్తారు, ఈమె గొంతుకే వేయించుకుంది! రెండు మిషన్లలో ఏదొస్తే అదే పెట్టమంది. వచ్చినదాంతో పోలేదు, ఇంకోటి పెట్టారు, ఈ గొంతుతో బయటికొచ్చింది. ఒక్కరోజు కూడా మార్చుకుంటే బాగుండేదని అనలేదు. తర్వాతవాళ్లకు ఏది మంచిదో తెలుస్తుందని తన మెడ ఇచ్చిందయ్యా మా అత్త! నువ్వు ఎడమవైపు గొర్రెలు తోలుకుపోలేవా?”

నా గొంతు అంత దూరం పోతుందని నాకే తెలియదు. బీడు అవతల చెట్ల మీద కొంగలు లేచాయి.  సోమన్న తల వంచుకున్నాడు. సిగ్గుపడుతున్నాడో, నా నోటికి జడిశాడో తెలియదు గానీ, తుండుగుడ్డ భుజం మీద సర్దుకున్నాడు.

“తప్పయింది అక్కా. ఎడమదే నాది. పిలువుండ్రి” అన్నాడు.

“ఎవలు పిలవాలె? ఆమెకు గొంతు లేకపాయె” అన్నాడు వెనకనుంచి ఒక ముసలాయన.

మా అత్త నోరు తెరిచింది. ఆమె ఏమంటుందో వినాలని అంత జనమూ ఊపిరి బిగబట్టారు. పసిపిల్లలను ఎత్తుకున్న తల్లులు కూడా ఆ పిల్లల నోటికి చెయ్యి అడ్డం పెట్టారు. ఆమె జీవితంలో వేసిన ఏ కేకకూ అంత నిశ్శబ్దం దొరికి ఉండదు.

“నా కోడలు ఉమ పిలుస్తది” అంది. ఆ గుసగుస బీడు చివర నిలబడ్డవాళ్లకు కూడా వినిపించింది. తర్వాత నా చెవి దగ్గరికి వంగి, “జర మెల్లగ పిలువు. సూడి గొర్లు బెదురుతయ్” అంది.

నేను కొంగు నడుముకు దోపుకుని నా కోదాడ గొంతుతో పిలిచాను. ఎడమ పాలు సోమన్నది, కుడి పాలు ముత్తయ్యది. మెల్లగా మాత్రం పిలవలేదు. మా అత్త పక్కన నిలబడి ఎలా పిలుస్తాను మెల్లగా?